బాకీలు మునుగుతున్నది తేదీల దగ్గరే

సంపాదకులకు,

అంబాజీపేట కొబ్బరి అయినా, భీమవరం రొయ్య అయినా, మండపేట బియ్యమైనా మన డెల్టాలో వ్యాపారం నడిచేది అరువు మీదే. అది తప్పూ కాదు, అరువు లేకపోతే ఒక్క సీజను కూడా గడవదు. కానీ వసూలు కోసం కోర్టుకెక్కినవాళ్లు ఓడిపోతున్నది బాకీ అబద్ధమై కాదు. గడువు దాటిపోయో, కాగితం సరిగా లేకో నిజమైన బాకీలు మునిగిపోతున్నాయి.

చెక్కుల సంగతే చూడండి. చెక్కు మీది తేదీ నుంచి 3 నెలల్లోగా బ్యాంకులో వేయాలి. డబ్బు లేక తిరిగొస్తే, ఆ సమాచారం బ్యాంకు నుంచి అందిన 30 రోజుల్లోగా రాతపూర్వకంగా నోటీసు పంపాలి. నోటీసు అందాక అవతలివారికి 15 రోజుల వ్యవధి. అప్పటికీ కట్టకపోతే ఆపై నెల రోజుల్లో మేజిస్ట్రేటు కోర్టులో ఫిర్యాదు వేయాలి. ఫిర్యాదు ఆలస్యమైతే తగిన కారణం చూపి కోర్టును వేడుకోవచ్చు. నోటీసు ఆలస్యమైతే ఆ వెసులుబాటు లేదు. ‘వచ్చే సోమవారం వేస్తాను, కాస్త ఆగండి’ అని ఫోనులో నెట్టుకొచ్చేది సరిగ్గా ఆ 30 రోజుల్నే. చెక్కుకు 3 నెలలు నిండకపోతే మళ్లీ బ్యాంకులో వేసి, తిరిగొచ్చాక కొత్తగా నోటీసు ఇచ్చుకోవచ్చు. నిండిపోతే ఇక సివిల్ దావాయే గతి.

నోటీసులో అంకె దగ్గర కూడా కేసులు పోతున్నాయి. 3 లక్షల చెక్కుకు వడ్డీ, ఖర్చులు కలిపేసి ‘3,60,000 చెల్లించండి’ అని ఒకే మొత్తం అడిగితే ఆ నోటీసు నిలవదు. చెక్కు మొత్తం ఉన్నదున్నట్టు విడిగా, వడ్డీ విడిగా చూపాలి. చెక్కు తీసుకున్నాక అందులో లక్ష ముట్టిందనుకోండి. ఆ సంగతి చెక్కు మీద రాయకుండా మొత్తం 3 లక్షలకూ వేస్తే నేరం కిందికి రాదని 2022లో సుప్రీంకోర్టు తేల్చింది. పాత చెక్కు ఇచ్చేసి మిగిలిన 2 లక్షలకు కొత్తది తీసుకోవడం అన్నిటికన్నా మేలు. ఒక ఊరట ఏమిటంటే, కాయలు ఏ రాష్ట్రానికి వెళ్లినా చెక్కును మన ఖాతాలో వేస్తే కేసు మన బ్రాంచి ఉన్న పరిధిలోనే వేయవచ్చు. 2015 సవరణతో వచ్చిన సౌకర్యం ఇది.

చెక్కు లేని బాకీకి కాలదోషం భయం. అరువుకు గడువు పెట్టకపోతే సరుకు అప్పజెప్పిన రోజు నుంచి, పెడితే ఆ గడువు తీరిన రోజు నుంచి 3 ఏళ్లలోగా దావా వేయాలి. ప్రోనోటు వెనక చెల్లు రాయించుకునే జాగ్రత్త మనవాళ్లకు తరతరాలుగా ఉంది. ఖాతా పుస్తకం దగ్గరికొచ్చేసరికి అది ఏమైపోతోందో తెలియదు. కొంత సొమ్ము ముట్టినప్పుడు మన గుమాస్తా జమ రాసుకుంటే చాలదు. ఇచ్చినవారి దస్తూరీయో సంతకమో ఉండాలి, అదీ 3 ఏళ్లు నిండకముందే. ఏటా మార్చి 31 నాటి నిల్వ చూపించి, ‘ఇంత బాకీ ఉన్నాం’ అని సంతకం తీసుకుంటే ఆ సంతకం రోజు నుంచి మళ్లీ 3 ఏళ్లు వస్తాయి.

పీచు మిల్లులు, బియ్యం మిల్లుల వంటి చిన్న తయారీదారుల చేతిలో ఇంకో ఆయుధం ఉంది. 2006 నాటి ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల) చట్టం ప్రకారం కొనుగోలుదారు, ఒప్పందం లేకపోతే 15 రోజుల్లో, రాతపూర్వక ఒప్పందం ఉన్నా 45 రోజుల్లో చెల్లించాలి. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడింతలు, నెలనెలా చక్రవడ్డీ. ‘సరుకు నాసిరకం’ అనే సాకుకూ హద్దుంది. సరుకు అందిన 15 రోజుల్లో రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే ఒప్పుకున్నట్టే లెక్క. బాకీ రాకపోతే కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ పోర్టల్‌లో ఫిర్యాదు చేయవచ్చు. చిన్న సంస్థలుగా నమోదు చేసే ఉద్యం రిజిస్ట్రేషన్‌కు రుసుము లేదు కనుక ఆర్డరు ఒప్పుకునేముందే చేయించుకుంటే తర్వాత వాదనకు చోటుండదు. కొని అమ్మే వ్యాపారులకు మాత్రం ఈ చెల్లింపు రక్షణ వర్తించదు. ఉద్యం సర్టిఫికెట్ ఉంది కదా అని వాళ్లు ధీమాగా ఉండటం ప్రమాదం.

అన్నదమ్ములు, బావమరుదులు కలిసి పెట్టిన ఫర్ములు చాలావరకు రిజిస్టరు కాలేదు. 1932 భాగస్వామ్య చట్టం 69వ సెక్షను ప్రకారం అలాంటి ఫర్ము బయటివారిపై ఒప్పందం ఆధారంగా దావా వేయలేదు. దావా వేశాక రిజిస్టరు చేయించినా ఆ దావాకు పనికిరాదు. జీఎస్టీ నంబరుంటే ఫర్ము రిజిస్టరైనట్టే అన్న భ్రమ వదిలించుకోవాలి.

ఈ గడువులను ప్రతి మార్కెట్ యార్డులో, వర్తక సంఘం గోడ మీద తెలుగులో పెద్ద అక్షరాలతో రాయించాలని జిల్లా పరిశ్రమల కేంద్రాల అధికారులను కోరుతున్నాం. కొత్త కొబ్బరి, సార్వా ధాన్యం లావాదేవీలు మొదలయ్యేలోగా ఆ పని జరగాలి. ఒక్క ఫ్లెక్సీ ఖర్చు.

– కొందరు న్యాయవాదులు, అమలాపురం