ఎత్తులు, దూరాల పాఠం ఆరుబయట చెప్పాలి

సంపాదకులు గారికి,

పదో తరగతి గణితంలో త్రికోణమితి అధ్యాయం వెనువెంటనే దాని అనువర్తనాల అధ్యాయం వస్తుంది. ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల బడుల్లో మన పిల్లలు ఈ లెక్కలు బాగానే చేస్తున్నారు. పటం గీసి, ఊర్ధ్వకోణం (నేలకు సమాంతరమైన చూపును వస్తువు కొన దాకా ఎత్తినప్పుడు ఏర్పడే కోణం) గుర్తించి, √3 విలువను 1.732గా తీసుకుని జవాబు తేల్చేస్తున్నారు. అదే విద్యార్థిని బడి ముందున్న జెండా కర్ర ఎత్తు చెప్పమంటే మాత్రం ‘కోణం ఎంతో ఇవ్వలేదు కదా సార్’ అంటాడు. కోణాన్ని ఎవరూ ఇవ్వరని, తానే కొలుచుకోవాలని అతనికి పాఠంలో ఎక్కడా తెలియరాలేదు.

లెక్కల్లో కోణాలు ఎప్పుడూ 30, 45, 60 డిగ్రీలే. బయట ఏ తాటిచెట్టూ మన సౌకర్యం కోసం సరిగ్గా 30 డిగ్రీల్లో కనిపించదు. కాబట్టి విద్యార్థి చేతికి 1 నుంచి 89 డిగ్రీల దాకా టాంజెంటు (ఎత్తును దూరంతో భాగిస్తే వచ్చే విలువ) పట్టిక ఒక పుట, ఒక కోణమానిని, దాని అంచుకు అంటించిన స్ట్రా, మధ్య బిందువు నుంచి చిన్న రాయి కట్టి వేలాడదీసిన దారం ఇవ్వాలి. స్ట్రాలోంచి చెట్టు మొవ్వు కనిపించేలా పట్టుకున్నప్పుడు దారం 90 నుంచి ఎన్ని డిగ్రీలు జరిగిందో అదే ఊర్ధ్వకోణం. చెట్టుకు 20 మీటర్ల దూరంలో ఆ కోణం 37 డిగ్రీలు వస్తే, 20ని పట్టికలో 37 డిగ్రీలకు ఉన్న 0.7536తో గుణించగా 15.07 మీటర్లు వస్తుంది. దానికి చూసేవాడి కంటి ఎత్తు, సుమారు మీటరున్నర, కలపాలి. ఈ చివరి మెట్టును పిల్లలు దాదాపు అందరూ మరచిపోతారు. నల్లబల్ల మీద గీసే పటంలో చూసేవాడు ఒట్టి బిందువు కావడమే అందుకు కారణం. (ఫోన్లో కోణం చూపే యాప్‌లు ఉన్నాయి నిజమే, కానీ మొదటిసారి ఈ కోణమానినితోనే చేయించాలని నా అభిప్రాయం.)

ఎక్కడ నిలబడాలి అన్నది కూడా పుస్తకం అడగని ప్రశ్న. చెట్టుకు 4 మీటర్ల దూరంలో నిలబడి 75 డిగ్రీలు చదవవలసిన చోట 76 చదివితే ఎత్తులో మీటరుకు పైగా తేడా వస్తుంది. అదే 20 మీటర్ల దూరంలో 37కు బదులు 38 చదివితే తేడా అర మీటరు దాటి కాస్త ఉంటుంది, అంతే. కోణం 45 డిగ్రీలకు దగ్గరగా ఉన్నప్పుడు పొరపాటు ప్రభావం అన్నింటికంటే తక్కువ. ఈ సంగతి నాలుగు జట్లను నాలుగు చోట్ల నిలబెట్టి కొలిపిస్తే పిల్లలే కనిపెడతారు. జెండా కర్ర అయితే సరిచూసుకునే వీలూ ఉంది: జెండా తాడును పైకి లాగి గుర్తు పెట్టి టేపుతో కొలవవచ్చు. తాటిచెట్టు అయితే రోజూ మోకు వేసి ఎక్కే గీత కార్మికుడిని ముందుగా అంచనా చెప్పమనాలి. ఆయన మాట మన లెక్కకు ఎంత దగ్గరగా వస్తుందో చూడవలసిందే.

గుట్టల సంగతి వేరు. నల్లగొండ పట్టణంలో ఎక్కడ నిలబడినా లతీఫ్ సాహెబ్ గుట్టో, కాపురాల గుట్టో కనిపిస్తుంది. శిఖరానికి నిట్టనిలువుగా కింద ఉండే బిందువు రాతి లోపల ఉంటుంది కాబట్టి అక్కడికి టేపు పట్టలేము. అందుకే చదునైన నేల మీద ఒకచోట 30 డిగ్రీలు చదివి, 60 వచ్చేదాకా గుట్ట వైపే తిన్నగా నడిచి, నడిచిన దూరాన్ని 0.866తో (√3లో సగం) గుణించాలి. 100 మీటర్లు నడిస్తే గుట్ట ఎత్తు మన కంటి మట్టం నుంచి 86.6 మీటర్లు. ఇల్లు అడ్డొస్తే వేరే కోణాలు తీసుకోవాలి, సూత్రం అదే. రెండు కోణాల లెక్క ఎందుకు పెట్టారో గుట్ట ముందు నిలబడిన విద్యార్థికి వేరే చెప్పనక్కర్లేదు.

ఇది మన నేలకు కొత్త విద్య కాదు. 1802లో మద్రాసులో విలియం లాంబ్టన్ మొదలుపెట్టిన మహా త్రికోణమితి సర్వేలో ప్రధానమైన కొలత దాదాపు 78 డిగ్రీల తూర్పు రేఖాంశం వెంట దక్కను మీదుగా ఉత్తరానికి సాగింది. మహబూబ్‌నగర్ పట్టణం ఉన్నది ఇంచుమించు ఆ రేఖాంశం మీదే. ఆ సర్వే వారే 1856లో ఎవరెస్టు ఎత్తును 29,002 అడుగులుగా ప్రకటించారు. అప్పటికి ఆ శిఖరాన్ని ఎవరూ ఎక్కలేదు.

పరీక్షల ఒత్తిడి, పిల్లల సంఖ్య, పీరియడ్ల కొరత నాకు తెలియనివి కావు. అయినా నిర్మాణాత్మక మూల్యాంకనంలో (చదువు సాగుతుండగా బడిలోనే చేసే మదింపు) ప్రాజెక్టు పని ఎలాగూ ఉంది; దాన్ని గైడులోంచి ఎత్తి రాయించే బదులు రెండు పీరియడ్లు కలిపి ఒక్క కొలత చేయిస్తే సరిపోతుంది. జిల్లా విద్యాశాఖ అధికారులు ఈ మేరకు గణిత ఉపాధ్యాయులకు సూచన ఇవ్వాలని, వచ్చిన ఎత్తుకు కాక, జట్టుకూ జట్టుకూ మధ్య తేడా ఎందుకు వచ్చిందో విద్యార్థి రాసిన కారణానికి మార్కులు వేయించాలని కోరుతున్నాను.

– ఒక విశ్రాంత గణిత ఉపాధ్యాయుడు,
నల్లగొండ