మడత ట్రైలర్ కప్పు కింద పిల్లలున్నారు

ఎడిటర్ గారికి,

మా కోరాపుట్ జిల్లాలోని దేవమాలి కొండ చూడడానికి వచ్చేవాళ్ళలో కొందరు ఈమధ్య కారు వెనక మడత ట్రైలర్ తగిలించుకుని, సాలూరు మీదుగా సుంకి ఘాట్ ఎక్కి వస్తున్నారు. రోడ్డు మీద అది మూత వేసిన పెద్ద పెట్టెలా ఉంటుంది. ఆగాక ముందువైపు హ్యాండిల్ తిప్పితే పైకప్పు లేస్తుంది, చుట్టూ గుడ్డ గోడలు తెరుచుకుంటాయి, ఒక కుటుంబం లోపల పడుకోవచ్చు. సెమిలిగుడలో నాది లారీల వెల్డింగ్ షాపు. కప్పు లేవకపోతే నా దగ్గరకు తెస్తున్నారు. అవి వచ్చే తీరు చూసి ఈ ఉత్తరం రాస్తున్నాను.

పోయిన చలికాలం వచ్చిన ఒక బండికి వెనక మూలలో అసలు కేబుల్ బదులు మోటార్‌సైకిల్ క్లచ్ వైరు కట్టి ఉంది. దారిలో ఎక్కడో వేయించుకున్నారట. రాత్రంతా ఆ కప్పు కింద ఇద్దరు పసిపిల్లలు పడుకున్నారు. నాకు చేతులాడలేదు.

నేను చూసినవాటిలో పని ఇలా జరుగుతుంది. హ్యాండిల్ తిప్పితే వించ్ (కేబుల్ చుట్టి లాగే యంత్రం) డ్రమ్ము మీద మెయిన్ కేబుల్ చుట్టుకుంటూ, నేల అడుగున ఉన్న నాలుగు కేబుళ్ళను ఒకేసారి లాగుతుంది. ఒక్కోటి ఒక్కో మూలకి పోయి, గొట్టంలో ఉన్న పొడవాటి గట్టి స్ప్రింగును నెడుతుంది. ఆ స్ప్రింగు గొట్టం వెంట వంపు తిరిగి, ఒకదాంట్లో ఒకటి దూరే స్తంభాలను పైకి తోస్తుంది. అంటే కప్పు బరువంతా కేబుళ్ళ మీదే. ఒక మూల మాత్రమే వాలితే ఆ మూల కేబుల్ సాగిందో, కేబుల్ తిరిగే కప్పీ పట్టేసిందో చూడాలి. నాలుగు మూలలూ జారితే మెయిన్ కేబులూ వించూ చూడాలి.

కేబుళ్ళు ఊరికే తెగవు. కప్పు పూర్తిగా లేచాక కూడా ఇంకాస్త లేస్తుందేమోనని తిప్పుతారు, అక్కడే పోతాయి. మా కొండల మీద చదునైన చోటు తక్కువ. బండిని లెవెల్ చేయకుండా ఎత్తితే స్తంభాలు బిగుసుకుని వైరు మీద లాగుడు పెరుగుతుంది. కప్పు మీద సామాను కట్టి, దాంతో సహా ఎత్తేవాళ్ళూ ఉన్నారు. ముందు సామాను దించండి.

తోటి మెకానిక్కులకు ఒక మాట. కంపెనీ చెప్పిన మందం స్టీలు వైరు రోపే వేయండి. ఒకటి తెగిందంటే మిగతా మూడూ అంతే పాతవి, నాలుగూ మార్చడమే మంచిది. కొస మడిచి యూ క్లాంపు బిగించేటప్పుడు యూ బోల్టు వంపు కొసముక్క మీద పడాలి, క్లాంపు రెండో ముక్క అయిన దిమ్మ, బరువు లాగే వైరు మీద కూర్చోవాలి. తిరగేస్తే ఆ వంపే అసలు వైరును నలిపేస్తుంది. లారీ షాపుల్లో ఈ తప్పు రోజూ చూస్తున్నాను. పోగులు తెగాయేమో చూడడానికి ఉత్త చేత్తో తడమకండి, గుడ్డ పట్టుకుని లాగితే తెగిన పోగు గుడ్డకి తగులుకుంటుంది.

అన్నిటికంటే ముఖ్యం ఆనింపు కర్రలు. కప్పు లేచిన ఎత్తుకి సరిగ్గా కోసిన నాలుగు గట్టి నీలగిరి కర్రలు బండిలోనే ఉంచుకుని, మూలకొకటి బిగించాకే మనిషి లోపలికి వెళ్ళాలి. రిపేరు చేసేవాడికీ ఇదే వర్తిస్తుంది. ఈ ఖర్చు టీ నీళ్ళకు పెట్టేంత కూడా కాదు.

ఈ బండ్లు అమ్మేవాళ్ళు, అద్దెకిచ్చేవాళ్ళు ఆ కర్రలో ఇనప గొట్టాలో బండితో పాటే ఇవ్వాలి. హ్యాండిల్ ఎక్కడ ఆపాలో తెలుగులో, ఒడియాలో రాసి పక్కనే అతికించాలి. కొండ కింద గుడారాలు నడిపేవాళ్ళు కర్రలు లేని బండికి చోటు ఇవ్వకూడదు. చలికాలం మొదలయ్యేలోపే ఇది జరగాలి. మీ పత్రిక జిల్లా పేజీలో వేస్తే సాలూరు, విజయనగరం వైపు నుంచి వచ్చేవాళ్ళకు బయల్దేరే ముందే తెలుస్తుంది.

ఇట్లు,
ఒక వెల్డింగ్ షాపు యజమాని,
సెమిలిగుడ, కోరాపుట్ జిల్లా, ఒడిశా