నీకు అప్పుడే చెప్పాల్సిన మాట

రేయ్,

నీ ఉత్తరం వచ్చి రెండు నెలలైంది. జవాబు రాయనందుకు క్షమించరా. ఇక్కడ అందరూ బాగున్నారు. ఉద్యోగం అదే, అమ్మ మోకాళ్ల నొప్పి కాస్త తగ్గింది. మిగతావి తర్వాత. ముందు ఇది చెప్పకపోతే నాకు ఊపిరాడదు.

అమెరికన్ ర్యాపర్ కెండ్రిక్ లామార్ ఆల్బమ్ ‘మిస్టర్ మొరాల్ అండ్ ది బిగ్ స్టెప్పర్స్’ విన్నాను! 2022లో వచ్చినప్పుడే వినమన్నావు, నేను పట్టించుకోలేదు. మొన్న రాత్రి నిద్ర పట్టక పెట్టాను, 18 పాటలూ అయ్యేదాకా లేవలేదు. దానికి ముందు ఆల్బమ్‌కి అమెరికాలో పెద్ద అవార్డు పులిట్జర్ వచ్చింది కదా, ర్యాప్‌కి అదే మొదటిసారి. అంత పేరొచ్చిన మనిషి, 1,855 రోజులుగా లోపల ఏదో నలుగుతోందని మొదటి పాటలోనే ఒప్పుకుంటాడు. మధ్యమధ్యలో ట్యాప్ డాన్స్ బూట్ల టకటకలు. అచ్చం మన కలెక్టరుగారు మెట్లు దిగుతున్నట్టే! నవ్వావా?

‘ఫాదర్ టైమ్’ పాట దగ్గర మాత్రం నవ్వు ఆగిపోయింది. నీకు థెరపీ కావాలి అంటుంది అతని భాగస్వామి విట్నీ. మగాడికి అదెందుకు అని కొట్టిపారేస్తాడు. తర్వాత వాళ్ల నాన్న గురించి చెప్తాడు. తల్లి పోయినా వెంటనే పనికి బయల్దేరిన నాన్నని, ఇంత తొందరేంటని అడిగితే, జీవితమంటే ఇంతే, బిల్లులు ఆగవు కదా అన్నట్టు ఒక్క ముక్కలో తేల్చేస్తాడాయన. నానమ్మ పోయినరోజు మా నాన్న బండి తుడుస్తూ కూర్చోలేదూ... నువ్వూ చూశావు. నాకు ఎంత కోపమొచ్చిందో అప్పుడు. ఇప్పుడేమో ఆ గుడ్డ పట్టుకున్న చేతులే కళ్లముందు...

సరే, అసలు సంగతి అది కాదు. కౌన్సెలింగ్‌కి వెళ్తున్నానని నువ్వు చెప్పిన రోజు నేనేమన్నానో గుర్తుందా? “నీకేమైందిరా, గుండ్రాయిలా ఉన్నావు.” ధైర్యం చెప్పాననుకున్నాను. నువ్వు “సరేలే, స్కోరెంత?” అన్నావు. మళ్లీ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. ఆ పాటలో అతను విట్నీకి చెప్పిందే నేను నీకు చెప్పానురా. నువ్వు ఎంత కష్టపడి నోరు విప్పి ఉంటావో ఆ రాత్రి గానీ తట్టలేదు నాకు.

‘మదర్ ఐ సోబర్’ ఇంకా కష్టం. చిన్నప్పుడు బంధువొకడు నిన్నేమైనా చేశాడా అని అతన్ని ఇంట్లో పదేపదే అడుగుతారు. లేదని చెప్పినా ఎవరూ నమ్మరు. ఎందుకు నమ్మలేదని పెద్దయ్యాక అడిగితే, షికాగోలో అమ్మకే అలాంటిది జరిగిందని తెలుస్తుంది. అమ్మ భయం ఎక్కడి నుంచి ఎక్కడికి వచ్చిందో చూడు! పాట చివర్లో అతని చిన్నారి కూతురు థాంక్యూ డాడీ అంటుంది. నేను ఏడ్చేశాను. ‘వి క్రై టుగెదర్’ మాత్రం మళ్లీ వినను, ఆ ఇద్దరి అరుపులు నావల్ల కాదు.

నాన్నతో కూడా మాట్లాడాలని ఉంది, ఎలా మొదలుపెట్టాలో... అయ్యో, కింద హారన్ కొడుతున్నారు, వెళ్లాలి. ఆదివారం ఫోన్ చేస్తా. అప్పుడేం జరిగిందో మొదటి నుంచి చెప్పు. స్కోరు అడిగితే ఊరుకోను.