స్కూల్ లీడర్ అయిన మా చిన్నాకి

చిన్నా,

ఎలా ఉన్నావు నాన్నా? ఇక్కడ అందరం బాగున్నాం. తాతయ్యకు మోకాలి నొప్పి కాస్త తగ్గింది. మెట్లు ఎక్కొద్దని డాక్టరు గారు చెప్పినా మేడ మీద గది తనే సర్దాలని ఆయన పట్టు ఆయనదే. నాన్నకు మళ్ళీ నైట్ డ్యూటీ పడింది. నీ సైకిల్ ఇప్పుడు చంటిది తొక్కుతోంది. సీటు కిందికి దించాం, నువ్వొచ్చేసరికి మళ్ళీ పైకి బిగించి పెడతాను, బెంగ పడకు.

ఈ మధ్య ఆదివారాలు నీ ఫోన్ రావడం లేదు. పనుల్లో పడి ఉంటావు. అది అడగడానికి రాయడం లేదులే. హాస్టల్ ఫోన్‌లో అయితే వెనక నిలబడ్డవాళ్ళు తొందరపెడతారు, నువ్వు "ఊఁ, సరే" అని పెట్టేస్తావు. ఉత్తరమైతే తీరిగ్గా చదువుకుంటావు కదా అని.

మొన్న అత్తయ్య ఫోన్ చేసింది. మాటల్లో బుజ్జి ఏదో చెప్పిందంది. స్పోర్ట్స్ డే పనంతా అన్నయ్య ఒక్కడే నెత్తిన వేసుకున్నాడని, ఇప్పుడు కమిటీలో పిల్లలు అన్నయ్యతో సరిగ్గా మాట్లాడటం లేదని. బుజ్జి చిన్నపిల్ల, దానికి అర్థమైనంత చెప్పి ఉంటుంది. అత్తయ్య సంగతి నీకు తెలిసిందే, గోరంతని కొండంత చేసి చెబుతుంది. అందుకే నేను పట్టించుకోలేదు.

నిద్ర సరిగ్గా పోతున్నావా? పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ళ వయసు పిల్లలకు రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని అమెరికాలోని నిద్ర వైద్యుల సంఘం 2016లోనే చెప్పింది. నువ్వు 6 గంటలు పడుకుంటే గొప్ప. నిద్ర చాలకపోతే మొట్టమొదట పోయేది ఓపిక. ఓపిక పోయినవాడికి అవతలివాళ్ళు చేసే ప్రతి పనీ తప్పుగానే కనిపిస్తుంది. "ఇటివ్వు, నేనే చేస్తాను" అని లాక్కోవాలనిపిస్తుంది. నిన్ను అనడం లేదు, ఎవరికైనా అంతే అంటున్నాను.

ఎన్నికల్లో నెగ్గానని నువ్వు చెప్పిన రోజు తాతయ్య వీధిలో కనబడ్డ ప్రతివాళ్ళకీ చెప్పుకొచ్చారు. నాకూ ఎంత సంతోషమేసిందో. అబద్ధం ఆడవు, మాటిస్తే చేసి తీరతావు, చిన్నప్పటి నుంచీ అంతే నువ్వు. కానీ నాన్నా, మాటిస్తే చేసి తీరేవాళ్ళతో ఒక చిక్కుంది. ఇంకొకరి చేతికి పని ఇవ్వడానికి వాళ్ళకు మనసొప్పదు.

మా రోజుల్లో సార్ బయటికి వెళ్ళగానే క్లాస్ లీడర్ సుద్దముక్క పట్టుకుని బోర్డు పక్కన నిలబడేవాడు. ఎవరు నోరు విప్పినా పేరు రాసేవాడు. మళ్ళీ మాట్లాడితే పేరు పక్కన ఇంటూ మార్కు. సార్ వచ్చాక ఇంటూలు లెక్కపెట్టి దెబ్బలు. రాసేవాడికి అధికారం వచ్చిందన్న ధీమా ఉండేది, ఇంటర్వెల్‌లో మాత్రం వాడి పక్కన ఎవరూ కూర్చునేవారు కాదు. ఇప్పుడు బ్యాడ్జీలు, ప్రమాణ స్వీకారాలు, కమిటీలు వచ్చాయి. మంచిదే. పదిమందితో కలిసి పని నడిపించడం ఎలాగో మాత్రం అప్పుడూ ఎవరూ నేర్పలేదు, ఇప్పుడూ నేర్పడం లేదు. బ్యాడ్జీ పెట్టి వదిలేస్తే పిల్లలకు ఎలా తెలుస్తుంది?

రోజర్ హార్ట్ అనే పరిశోధకుడు 1992లో యునిసెఫ్ కోసం ఒక వ్యాసం రాశాడు. పిల్లలకు పనుల్లో నిజంగా ఎంత భాగం ఇస్తున్నామన్నది 8 మెట్ల నిచ్చెనగా చూపించాడు. కింది 3 మెట్లను భాగస్వామ్యం కింద లెక్కే కట్టలేదు. పెద్దవాళ్ళు తమ అవసరానికి పిల్లల్ని వాడుకోవడం ఒకటి, అలంకారానికి నిలబెట్టడం ఒకటి, పేరుకు కూర్చోబెట్టి వాళ్ళ మాట వినకపోవడం ఒకటి. ఆయన రాసింది పెద్దవాళ్ళ గురించే. చదువుతుంటే నాకు పిల్లల కమిటీలు గుర్తొచ్చాయి. కమిటీలో పదిమంది పేర్లుండి, నిర్ణయమూ ఒక్కడిదే, పనీ ఒక్కడిదే అయితే మిగతా తొమ్మిదిమందీ ఆ కింది మెట్ల మీదే ఉన్నట్టు కదా? ఆ ఒక్కడు ఎంత కష్టపడితే వాళ్ళు అంత చిన్నబుచ్చుకుంటారు. నువ్వు అలా చేశావని కాదు.

బార్బరా జాన్స్ గురించి నీకు ఎప్పుడైనా చెప్పానా? చెప్పినా మళ్ళీ చదువు. అమెరికాలో వర్జీనియా రాష్ట్రం, ఫార్మ్‌విల్ అనే ఊరు. నల్లజాతి పిల్లలకు ఒక బడి, తెల్లవాళ్ళ పిల్లలకు వేరే బడి ఉన్న కాలం. బార్బరా చదివే మోటన్ హైస్కూల్‌ని 180 మంది కోసం కట్టారు. ఆమె చదివేనాటికి అందులో 450 మందికి పైగా ఉన్నారు. చోటు చాలక తారు కాగితం కప్పిన షెడ్లు వేసి అందులో పాఠాలు చెప్పేవారు. వానొస్తే కారేవి. ఈ బాధంతా ఆ అమ్మాయి సంగీతం టీచరు దగ్గర చెప్పుకుంటే, మరి నువ్వే ఏదైనా చెయ్యరాదా అందట ఆవిడ.

ఆ మాట పట్టుకుని వెంటనే బల్లెక్కి అరవలేదు చూడు ఆ పిల్ల. బాగా ఆలోచించుకుంది. విద్యార్థి సంఘం అధ్యక్షురాలు క్యారీ స్టోక్స్‌నీ, నమ్మకమున్న ఇంకో కొద్దిమందినీ పిలిచి ఆటస్థలం మెట్ల మీద కూర్చుని మాట్లాడింది. నెలల తరబడి గుట్టుగా ఏర్పాట్లు చేసుకున్నారు. 1951 ఏప్రిల్ 23న పిల్లలందరినీ హాల్లోకి రప్పించి, 16 ఏళ్ళ బార్బరా వేదిక మీద నిలబడి, సమ్మె చేద్దామంది. బడి బడంతా ఆమె వెంట కదిలింది. రెండు వారాలు నడిచింది ఆ సమ్మె. ఆ రోజు దొంగ ఫోన్ చేసి ప్రిన్సిపాల్‌ని బయటికి పంపించారు, ఆ ముక్క మాత్రం నువ్వు వదిలెయ్. మీ హెడ్మాస్టర్ గారితో ఏదున్నా ఎదురుగా కూర్చుని మాట్లాడు. ఇబ్బంది ఏమిటో, దానికి మీరు అనుకున్న దారి ఏమిటో రెండూ కాగితం మీద రాసి పట్టుకెళ్ళు.

తర్వాతి సంగతి ఇంకా ముఖ్యం. పిల్లలే లాయర్లకు ఉత్తరం రాశారు. 117 మంది విద్యార్థుల తరఫున కేసు పడింది. ఆ కేసుకు బార్బరా పేరు లేదు. జాబితాలో ముందున్న డొరతీ డేవిస్ అనే తొమ్మిదో తరగతి అమ్మాయి పేరు మీద నడిచింది. అది వెళ్ళి, ఇలాంటి బడుల గురించే నడుస్తున్న బ్రౌన్ కేసు అనే పెద్ద కేసులో కలిసింది. బడుల్లో జాతి వేర్పాటు చెల్లదని 1954లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. అప్పటికి బార్బరా ఆ బడిలోనే లేదు. పిల్లకు ఏమవుతుందోనన్న భయంతో ఇంట్లోవాళ్ళు ఎప్పుడో అలబామా రాష్ట్రంలో మాంట్‌గొమెరీ అనే ఊళ్ళో ఉన్న వాళ్ళ నాన్న సోదరుడు వెర్నాన్ జాన్స్ దగ్గరికి పంపేశారు. మొదలుపెట్టిన పిల్ల ఊరు దాటి వెళ్ళిపోయినా పని ఆగలేదు చిన్నా. ఆటస్థలం మెట్ల మీద కూర్చున్న రోజు నుంచే అది ఆమె ఒక్కదాని పని కాదు కాబట్టి. ఆ అమ్మాయిని అంత దూరం పంపిన తల్లిని తలుచుకుంటే మాత్రం నాకు గుండె పట్టేసినట్టుంటుంది.

ఈసారి మీటింగ్‌కి ఏం మాట్లాడాలో రాసి ముందురోజే అందరికీ ఇవ్వు. మీటింగ్‌లో నువ్వు చివర మాట్లాడు. లీడర్ ముందే చెప్పేస్తే మిగతావాళ్ళు తలూపి ఊరుకుంటారు. ఎప్పుడూ నోరు విప్పనివాళ్ళని పేరు పెట్టి అడుగు. లేచేముందు ఎవరు, ఏం పని, ఏ తారీఖుకల్లా అన్నది పైకి చదివించు. పని అప్పజెప్పాక పూటపూటా వెళ్ళి అడగకు, మధ్యలో ఒకసారి కనుక్కుంటే చాలు. నువ్వు చేసినంత బాగా రాదు, తెలుసు నాకు. రెండోసారికి వస్తుంది.

ఒకటి అడుగుతాను, కోపం తెచ్చుకోకు. స్పోర్ట్స్ డే నాడు తెల్లవారుజామున లేచి, ముందు రోజు కమిటీ పిల్లాడు గ్రౌండ్‌లో వేసిన సున్నం గీతలు చెరిపేసి నువ్వే మళ్ళీ వేశావట, నిజమేనా? గీతలు వంకరగానే ఉండి ఉండొచ్చు. నువ్వు వేసినవి తిన్నగా వచ్చి ఉంటాయి, డ్రాయింగ్‌లో నీ చెయ్యి నాకు తెలుసు. కానీ ఆ పిల్లాడు పొద్దున్నే వచ్చి చూసి ఏమనుకుని ఉంటాడు నాన్నా? ఎండలో డబ్బా పట్టుకుని సాయంత్రం దాకా వంగి వేసి ఉంటాడు. ఒక్క మాట చెప్పి వాడిని కూడా లేపుకుని వెళ్ళి ఉంటే ఇద్దరూ కలిసి సరిచేసుకునేవారు.

వాడి దగ్గరికి వెళ్ళు. అందరి ముందూ కాదు, విడిగా. వాడు వేసిన గీతలు చెరపడం తప్పయిందని చెప్పు, ఎందుకు చెరిపావో చెప్పుకుంటూ పోకు. వార్షికోత్సవానికి స్టేజీ పనులు వాడికి ఇష్టమైతే వాడికే ఇవ్వు. ఇచ్చాక నువ్వు అటు వెళ్ళకు.

ఇంటికి ఫోన్ చెయ్యకపోవడం కూడా అలాంటి పనే. అమ్మావాళ్ళకు టెన్షన్ ఎందుకని అన్నీ నువ్వే లోపల పెట్టుకుంటున్నావు. నాన్న పైకి ఏమీ అనరు కానీ డ్యూటీ నుంచి రాగానే వాడు చేశాడా అనే అడుగుతున్నారు. ఈ ఆదివారం పొద్దున్నుంచీ నేను ఇంట్లోనే ఉంటాను. స్పోర్ట్స్ డే గురించి నీకు చెప్పాలని లేకపోతే నేను అడగను, గొంతు వినిపిస్తే చాలు. అప్పటికీ చెయ్యకపోతే సోమవారం మీ వార్డెన్ గారికి నేనే చేస్తాను, అప్పుడు నామోషీ అనొద్దు.

మొహం వాడిపోకుండా వేళకు తిను.

ఇట్లు
అమ్మ

తా.క. పార్శిల్‌లో రెండు లావుపాటి రూళ్ళ నోటుపుస్తకాలు పెట్టాను. ఒకటి మీటింగ్‌లో జరిగింది రాయడానికి, నువ్వు కాకుండా ఇంకెవరి చేతైనా రాయించు. రెండోదాంట్లో ఏ పనికి ఎవరిని అడగాలో, దేనికి ఎన్ని రోజులు పడుతుందో రాసిపెట్టు, వచ్చే ఏడాది లీడర్‌కి ఇచ్చి రావాలి. స్వెట్టర్ చేతులు పొట్టిగా అయ్యాయేమో వేసుకుని చూసి చెప్పు, ఊలు ఇంకా మిగిలే ఉంది.