తీరిన బాకీ సిబిల్‌లో ఇంకెన్నేళ్లు?

గౌరవనీయులైన కేంద్ర ఆర్థిక మంత్రి గారికి,

ఒడిశా గజపతి జిల్లా కాశీనగర్ నుంచి ఒక కిరాణా వర్తకుడు నమస్కరించి వ్రాసుకుంటున్న లేఖ. బ్యాంకుకు, కలెక్టరు గారి గ్రీవెన్సుకు, కేంద్ర ఫిర్యాదుల పోర్టలుకు పెట్టుకున్న అర్జీలన్నిటికీ ‘పరిష్కరించబడినది’ అనే జవాబే వచ్చినందున, ఆ పరిష్కారమేమిటో తమరినే అడుగుదామని ఈ సాహసం చేస్తున్నాను.

2018 అక్టోబరులో తిత్లీ తుపానుకు వంశధార పొంగి మా కొట్లోకి వచ్చింది. నీరు తీసేసరికి బియ్యం బస్తాలు ముక్కిపోయాయి, పంచదార బస్తాల్లో ఉత్త గోనెలు మిగిలాయి. సరుకు మీద తెచ్చిన అప్పుకు వాయిదాలు తప్పాయి. 2020లో బ్యాంకువారే పిలిచి ఓటీఎస్ అన్నారు, అంటే బాకీలో కొంత తగ్గించి, మిగతాది ఒక్కసారిగా కట్టి తీర్చుకునే రాజీ. పాతపట్నంలో బంగారం కుదువపెట్టి, వారు చెప్పిన సొమ్మును వారు చెప్పిన గడువులోనే కట్టి, ఇక బాకీ లేదనే నో డ్యూస్ కాగితం తీసుకున్నాను. అయినా, అప్పుల చరిత్రను బ్యాంకులకు చూపే నా సిబిల్ రిపోర్టులో ఆ ఖాతాకు బాకీ సున్నా అని ఒక గడిలోనూ, ‘సెటిల్డ్’ (పూర్తిగా కాక, రాజీతో తీరింది) అని మరో గడిలోనూ నేటికీ ఉంది. మా అమ్మాయి చదువు అప్పుకు తండ్రిగా సంతకం చేయబోతే, బ్యాంకు ఉద్యోగి కంప్యూటరును నా వైపు తిప్పి ఆ రెండో గడి మీద వేలు పెట్టాడు. మొదటి గడిని చూడమంటే చూడలేదు. ఏ బ్యాంకుకు వెళ్లినా ఇదే వరస. కొట్టుకు సరుకు ఇప్పుడు మూడు రూపాయల వడ్డీకి తెస్తున్నాను.

రుణ సమాచారాన్ని కనీసం ఏడేళ్లు భద్రపరచాలన్న నిబంధన ఉన్నది కానీ, ఎన్నేళ్లకు తీసివేయాలో అది చెప్పదు. ఆ ఏడేళ్లను వాయిదా తప్పిన రోజు నుంచి లెక్కించాలో, బ్యాంకు దాన్ని మొండి బాకీగా రద్దు రాసుకున్న రోజు నుంచో, నేను సొమ్ము కట్టిన రోజు నుంచో నాకు చెప్పినవారు లేరు. ఉద్దేశపూర్వక ఎగవేతదారులతో సైతం రాజీకి వీలిచ్చిన 2023 జూన్ 8 నాటి రిజర్వు బ్యాంకు సర్క్యులరులో, రాజీ తరువాత కొత్త అప్పుకు వ్యవసాయేతర రుణాలలో కనీసం 12 నెలలు ఆగాలని ఉన్నది. రాజీ తరువాత కొత్త అప్పుకు కనీస గడువు పన్నెండు నెలలే అయినప్పుడు, కాశీనగర్ కిరాణా కొట్టుకు ఏళ్లూ పూళ్లూ ఎందుకు కావాలో తమకే తెలియాలి.

తప్పుడు నమోదును 30 రోజులలో సరిచేయకపోతే రోజుకు 100 రూపాయలు పరిహారమిస్తారట, చాలా సంతోషం. నా రిపోర్టులో ఉన్నది తప్పు కాదు, నిజమేనని జవాబిచ్చారు. తప్పుకైతే పరిహారముంది, నిజానికి మాత్రం శిక్షే ఉంది.

ప్రకృతి వైపరీత్యంలో చెడి, రాజీ సొమ్ము కట్టేసినవారి ‘సెటిల్డ్’ గుర్తుకు ఒక పై గడువు పెట్టించండి. అది ఏ రోజు నుంచి మొదలవుతుందో రాతపూర్వకంగా చెప్పించండి. గడువు ఎంతైనా సరే, ముందు ఒకటంటూ పెట్టించండి. మా అమ్మాయి రెండో ఏడాది ఫీజు జూలైలో కట్టాలి; ఆలోగా తమ శాఖ నుంచి ఒక ఉత్తర్వు వెలువడగలదని ఎదురుచూస్తుంటాను.

ఇట్లు,
ఒక చిల్లర వర్తకుడు,
కాశీనగర్, గజపతి జిల్లా, ఒడిశా