ఆక్సిజన్ చార్టు పక్కనే మెదడు చార్టూ ఉండాలి

సంపాదకులకు నమస్కారం.

కరోనా కేసులు పెరుగుతున్నాయన్న వార్త వచ్చినప్పుడల్లా మన రెండు రాష్ట్రాల్లోనూ ముందు లెక్కకొచ్చేవి ఆక్సిజన్ పడకలు, వెంటిలేటర్లు. అవి కావాల్సిందే. అయితే చేరిన రోగి మెదడు, నరాలు ఎలా ఉన్నాయో పూటపూటా రాయడానికి చాలా వార్డుల కేస్ షీట్లలో ఒక గడి కూడా ఉండదు. వైద్య ఆరోగ్య శాఖలు ఈ లోటు ముందు పూడ్చాలి.

వుహాన్‌లో 2020 ఆరంభంలో ఆసుపత్రుల్లో చేరిన 214 మందిని పరిశీలిస్తే 78 మందికి నాడీ సంబంధ లక్షణాలు కనిపించాయి. తలనొప్పి, ఒంటి నొప్పులు, వాసన తెలియకపోవడం లాంటివి చాలావరకు వాటంతట అవే తగ్గుతాయి. ఎక్కువ ప్రమాదం డెలీరియంతో, అంటే ఉన్నట్టుండి మనిషి తికమకపడి సంధి ప్రేలాపనలోకి జారడంతో. అమెరికాలో కరోనాతో అత్యవసర విభాగాలకు వచ్చిన 817 మంది వృద్ధుల్లో 28 శాతం మందికి అది ఉంది. వాళ్లలో మూడో వంతుకు పైగా జ్వరం, ఆయాసం వంటి మామూలు లక్షణాలేవీ లేవు. తాతగారు పొద్దుటి నుంచి పొంతన లేకుండా మాట్లాడుతున్నారంటే వయసు మీద పడిందని వదిలేయకుండా ఆక్సిజన్ చూడాలి, కరోనా పరీక్ష చేయించాలి.

సెలైన్ గొట్టం పీకేసే రోగి అందరి కంటా పడతాడు. పిలిస్తే పలకక, తిండి వద్దని, గోడవైపు తిరిగి పడుకున్న రోగిని మాత్రం ‘నిద్రపోతున్నాడు’ అనుకుంటారు. అదీ డెలీరియమే కావచ్చు, తరచూ తప్పిపోయేది ఆ రకమే. పట్టుకోవడానికి స్కాన్ అక్కర్లేదు. ‘4ఏటీ’ అనే పరీక్షకు స్టాఫ్ నర్సుకు రెండు నిమిషాలు చాలు. మెలకువ ఎలా ఉందో చూడాలి. వయసు, పుట్టినతేదీ, ఉన్న చోటు, ఇప్పటి సంవత్సరం అడగాలి. డిసెంబరు నుంచి నెలలు వెనక్కి చెప్పించాలి. నిన్నటికీ నేటికీ తేడా ఉందా అని ఇంటివాళ్లను అడగాలి. తేడాలకు వేసే మార్కుల మొత్తం 4 గానీ అంతకు మించి గానీ వస్తే డెలీరియం ఉండవచ్చని డాక్టరును పిలవాలి. పుట్టినతేదీ తెలియని పెద్దలు మన దగ్గర చాలామంది. ఆ ఒక్క జవాబును బట్టి తేల్చేయకూడదు.

తేడా కనబడగానే మత్తు సూది వేయడం పొరపాటు. ముందు ఆక్సిజన్, షుగర్, సోడియం, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ చూడాలి. మూత్రం బిగిసిందేమో, విరేచనం కాలేదేమో, కొత్త మందులేం మొదలయ్యాయో చూసుకోవాలి. కరోనాకు వాడే స్టెరాయిడ్ డెక్సామెథసోన్ 6 మి.గ్రా. పొద్దున్నే ఇస్తే రాత్రి నిద్ర చెడే అవకాశం తగ్గుతుంది. 14 దేశాల్లోని 69 ఐసీయూలలో 2,088 మందిని పరిశీలించినప్పుడు మిడాజోలం వంటి బెంజోడయాజపైన్ రకం మత్తు మందులు వాడినవారిలో డెలీరియం ఎక్కువగా ఉంది. మద్యం అలవాటుండి, అది ఆగిపోవడంతో చేరిన రెండో మూడో రోజున వణుకు మొదలైనవారి సంగతి వేరు. వారికి ఈ మందులే కావాలి, గ్లూకోజ్‌కు ముందు థయామిన్ (బి1 విటమిన్) కూడా పడాలి.

ఆ ఐసీయూల అధ్యయనమే ఇంకో సంగతీ చెప్పింది. ఇంటివాళ్లు నేరుగానో వీడియోలోనో పలకరించిన రోగుల్లో డెలీరియం ముప్పు నాలుగో వంతుకు పైగా తక్కువగా ఉంది. సూది మందుతో పనిలేని చికిత్స ఇది. అటెండెంట్లను గేటు దగ్గరే ఆపేయడం ఇకనైనా మానాలి. ఒకరికి మాస్కు, గౌను ఇచ్చి రోజుకు కొద్దిసేపైనా లోపలికి పంపాలి. కుదరకపోతే వార్డు ఫోన్‌లో వీడియో కాల్ కలపాలి. రోగి కళ్లద్దాలు, వినికిడి యంత్రం ఇంటి సంచిలో ఉండిపోకుండా మంచం దగ్గరికి చేరాలి. పీపీఈలో ఉన్న నర్సు ముఖం కనబడక, మాట వినబడక సగం తికమక అక్కడే పుడుతుంది.

పక్షవాతం విషయంలో ఇంకో చిక్కుంది. ఆక్సిజన్ మాస్కు నోటిని కప్పేస్తుంది కాబట్టి మూతి వంకర కనబడదు. అందుకే ప్రతి షిఫ్టులోనూ రెండు చేతులూ పైకెత్తించి 10 సెకన్లు నిలపమనాలి. ఒక చెయ్యి జారితే మాస్కు క్షణం తొలగించి నవ్వమనాలి. చివరిసారి బాగున్న సమయం కేస్ షీట్‌లో ఉంటేనే, రక్తపు గడ్డ కరిగించే మందుకున్న నాలుగున్నర గంటల గడువు ఎప్పుడు మొదలైందో లెక్క తెలుస్తుంది.

గంటల తరబడి బోర్లా పడుకోబెట్టే రోగుల్లో భుజం, మోచేతి నరాలు నలిగి చెయ్యి పడిపోయిన సందర్భాలున్నాయి. భుజాన్ని 90 డిగ్రీలకు మించి చాపకుండా, మోచేతి కింద మెత్త పెట్టి, రెండు గంటలకోసారి తల, చేతుల వైపు మార్చాలి.

డిశ్చార్జి కాగితంలో ‘కండిషన్ స్టేబుల్’ అని రాస్తే సరిపోదు. నడక, చేతుల పట్టు, జ్ఞాపకం, మింగడం ఎలా ఉన్నాయో నాలుగు మాటలు రాయాలి. కాళ్ల తిమ్మిరి పైకి పాకుతూ బలహీనత పెరిగితే గిలాన్ బారే (ఒంటి రోగనిరోధక శక్తి సొంత నరాలనే దెబ్బతీసే జబ్బు) కావచ్చు. స్టెరాయిడ్లు వాడిన షుగర్ రోగికి ముక్కులో నల్లటి పొక్కు, చెంప మొద్దుబారడం, ఒకటి రెండుగా కనబడటం ఉంటే బ్లాక్ ఫంగస్ కావచ్చు. 2021 మేలో తెలంగాణ దీన్ని తప్పనిసరిగా నివేదించాల్సిన వ్యాధిగా ప్రకటించింది కూడా. రెండింటికీ ఆ రోజే ఆసుపత్రికి రావాలని, ఏ నంబరుకు ఫోన్ చేయాలో కూడా ఆ కాగితంపైనే తెలుగులో అచ్చు వేయించాలి.

– ఒక నాడీ వైద్యుడు, గుంటూరు