బావా, నిన్ను అడగకుండానే నీ గురించి రాసేశాను

పర్లాకిమిడి,
ఆదివారం రాత్రి

బావా,

ఎలా ఉన్నావు? అత్త మోకాలి నొప్పి తగ్గిందా? మొన్న నువ్వు ఫోన్ చేసినప్పుడు అసలు విషయం నోటిదాకా వచ్చి ఆగిపోయింది. ఫోన్లో చెబితే నువ్వు "సర్లేరా, దానికేముంది" అని ఒక్క మాటతో తేల్చేస్తావు. నాకు ఆ సర్లేరా వద్దు, కూర్చుని ఆలోచించి చెప్పే జవాబు కావాలి. అందుకే కాగితం తీశాను.

ముందే చెప్పేస్తాను. పిల్లల బాల్యం మీద రాస్తున్న నా ఎం.ఏ. డిసర్టేషన్, అంటే పరిశోధన వ్యాసం, మొదటి అధ్యాయంలో నీ గురించి రాశాను. పేరు పెట్టలేదు. తెల్లవారుజామున నాలుగింటికి లేచి, నాన్న టిఫిన్ కొట్టులో ఇడ్లీ రేకులు కడిగి, ఎంగిలి ప్లేట్లు తీసి, చట్నీ వాసన వదలని చేతులతోనే సంచి తగిలించుకుని బడికి పరిగెత్తే పదేళ్ళ కుర్రాడు అని మొదలుపెట్టి రెండు పేజీలు రాశాను. బాగా వచ్చిందనే అనుకున్నాను. మా మేడమ్ చదివి ఒక్కటే అడిగారు, "ఈ అబ్బాయిని అడిగావా?" అని. లేదు మేడమ్, నా స్నేహితుడే అన్నాను. "అయితే ఇంకా తేలిక కదా, అడుగు" అన్నారు. ఆ రోజు నుంచి నాకు సరిగ్గా నిద్ర లేదు బావా.

ఎందుకంటే మేం చదివేదంతా ఆ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది. బాల్యం మీద, యవ్వనం మీద చదవడానికి ఏముంటుందిరా, పిల్లలు పుడతారు పెరుగుతారు అని నువ్వు రెండు మూడుసార్లు అన్నావు, మా నాన్న కూడా అదే అంటాడు. పిల్లలు పుట్టడం, పెరగడం అన్నిచోట్లా ఒకటే, నిజమే. కానీ ఎన్నేళ్ళ దాకా పిల్లలు, ఆ వయసులో ఏం చెయ్యాలి, ఏం చెయ్యకూడదు, ఎవరి మాటకి విలువ ఉంటుంది, ఇవన్నీ ఊరిని బట్టి, కాలాన్ని బట్టి, కులాన్ని బట్టి, ఇంట్లో ఉన్న డబ్బుని బట్టి మారిపోతాయి. ఫిలిప్ ఏరియెస్ అని ఫ్రాన్సులో ఒక చరిత్రకారుడు 1960లో పెద్ద మాట అన్నాడు. ఐరోపాలో మధ్యయుగాల్లో బాల్యం అన్న ఊహే లేదు, పాత చిత్రపటాల్లో పిల్లల్ని చిన్న సైజు పెద్దవాళ్ళలా గీశారు చూడండి అని. బొమ్మల్ని చూసి అంత దూరం వెళ్ళకూడదని తర్వాత చాలామంది కాదన్నారు, నాకూ వాళ్ళ వాదనే నచ్చింది. కానీ బాల్యానికి కూడా చరిత్ర ఉంటుందన్న ఆలోచన మాత్రం నిలబడిపోయింది. ఆ తర్వాత 1990లో అలిసన్ జేమ్స్, అలన్ ప్రౌట్ అని ఇద్దరు ఇంకో అడుగు వేశారు. పిల్లల్ని రేపటి పెద్దవాళ్ళుగా చూడటం ఆపండి, వాళ్ళు ఇవాళే మనుషులు, వాళ్ళ చుట్టూ ఉన్న లోకాన్ని వాళ్ళూ మారుస్తున్నారు, వాళ్ళనే అడగండి అన్నారు. వినడానికి ఎంత మామూలు మాట! మన చిన్నప్పుడు మనల్ని ఎవరైనా ఏదైనా అడిగారా, గుర్తు తెచ్చుకో.

ఏ బడిలో వెయ్యాలో అడగలేదు. ఏ భాషలో చదవాలో అడగలేదు. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, పొద్దున తొమ్మిదింటికి నాలుక మార్చుకుని వెళ్ళేవాళ్ళం. నాకు ఇప్పటికీ ఎక్కాలు తెలుగులో రావు బావా, ఒడియా పణికియాగానే వస్తాయి. నీకూ అంతేగా? నెల రోజులుగా మన వీధి పిల్లల దగ్గరే కూర్చుంటున్నాను, ఫీల్డ్ వర్క్ అంటే అదే. గోళీలాటలో లెక్క ఏక, దుయి, తిని అనే నడుస్తుంది, ఎవడైనా తొండి చేస్తే మాత్రం గొడవ మొత్తం తెలుగులోకి దూకుతుంది. మొదటి వారం నేను ఒడియాలో ప్రశ్నలు వేశాను, కాగితం మీద ప్రశ్నలు ఒడియాలోనే ఉన్నాయి కదా అని. పిల్లలు లేచి నిలబడి, చేతులు కట్టుకుని, ఒక్కో మాట జవాబు చెప్పారు. రెండో వారం కాగితం పక్కన పెట్టి మన మాటలో "ఏట్రా, పొద్దున్నించీ ఏటి చేసినావు" అన్నాను, అంతే, అర్ధగంట ఆగలేదు.

అప్పుడు గిడుగు రామమూర్తి గారు గుర్తొచ్చారు. ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం ఆయన పుట్టినరోజే అని అందరికీ తెలుసు, కానీ ఆయన మన ఊళ్ళో రాజావారి బడిలో పంతులుగా పనిచేస్తూ సవర భాష నేర్చుకున్నారని, సవర పిల్లలకి వాళ్ళ మాటలోనే చదువు చెప్పాలని వాచకాలు తయారుచేసి బడులు పెట్టించారని ఎంతమందికి తెలుసు? ఆ పిల్లలకి బుద్ధి లేక కాదు, వాళ్ళది కాని భాషలో చెబుతున్నందువల్ల చదువు అందడం లేదని వందేళ్ళ కిందటే ఆయనకి తట్టింది. 2006-07 నుంచి ఒడిశా ప్రభుత్వం సవర సహా పది గిరిజన భాషల్లో చిన్న తరగతుల చదువు మొదలుపెట్టిందని క్లాసులో చెప్పినప్పుడు, ఇది మా ఊళ్ళో మొదలైన ఆలోచనే అని లేచి చెప్పాలనిపించింది. చెప్పాను కూడా. 1936లో పర్లాకిమిడిని ఒడిశాలో కలిపినప్పుడు ఆయన ఊరు వదిలి రాజమండ్రి వెళ్ళిపోయారు, అది తలుచుకుంటే నాకు ఎప్పుడూ బాధగానే ఉంటుంది.

సరే, నీ రెండు పేజీల దగ్గరికి వస్తాను.

నువ్వు చేసింది బాలకార్మిక పని అవునా కాదా అన్న దాని మీద నేను చాలా చదివాను. 2006లో హోటళ్ళు, దాబాలు, టీ కొట్లలో 14 ఏళ్ళలోపు పిల్లల్ని పనికి పెట్టకూడదన్నారు. సొంత కుటుంబం పని అయితే లెక్క వేరు. బాలకార్మిక చట్టానికి 2016లో చేసిన సవరణలో బడి అయ్యాక, సెలవుల్లో, ప్రమాదం లేని కుటుంబం పనిలో పిల్లలు సాయం చెయ్యొచ్చని ఉంది. 2017 నిబంధనల్లో ఇంకో షరతు పెట్టారు, రాత్రి 7 నుంచి పొద్దున 8 దాకా చేయించకూడదని. నీ పనంతా ఆ గంటల్లోనే కదరా! అది చదివి అలాగే కూర్చుండిపోయాను. మామయ్యని తప్పుపట్టడానికి కాదు బావా ఇది. మామయ్య నిన్ను ఒక్కరోజు బడి మానిపించలేదు, నాకు తెలుసు.

శాంతా సిన్హా గారి పేరు వినే ఉంటావు, 2003లో మెగసెసే అవార్డు వచ్చింది. రంగారెడ్డి జిల్లాలో ఎం.వి. ఫౌండేషన్ ద్వారా వేల మంది పిల్లల్ని పని మాన్పించి బడిలో చేర్పించారు. బడికి వెళ్ళని పిల్లలంతా బాలకార్మికులే అన్నది ఆవిడ పట్టుదల. పేదరికం వల్లే పంపరన్నది సాకు, సరైన ఏర్పాటు ఉంటే కూలివాళ్ళు కూడా పంపుతారని చేసి చూపించారు. నేను ఆవిడ పక్షమే. కానీ ఓల్గా న్యూవెన్‌హౌస్ అని ఒకావిడ కేరళలో సముద్రం ఒడ్డు పల్లెలో పిల్లల మధ్య పనిచేసి, చేపల దగ్గర మగపిల్లలు, కొబ్బరి పీచు దగ్గర ఆడపిల్లలు చేసే పని ఇల్లు గడవడానికి ఎంత అవసరమో, అయినా పిల్లలు చేశారు కాబట్టి దాన్ని ఎవరూ పనిగా ఎలా లెక్కపెట్టరో రాశారు. అది చదివాక నువ్వే కళ్ళ ముందు కనిపించావు. నీ చిల్లర లెక్క ఎంత వేగమో, రథయాత్ర రోజుల్లో కొట్టు కిటకిటలాడుతుంటే నువ్వు గల్లాపెట్టె దగ్గర ఎంత దర్జాగా నిలబడేవాడివో. నాకు అసూయగా ఉండేది, నిజంగా. మళ్ళీ నువ్వే మూడో పీరియడ్‌లో బెంచీ మీద తలపెట్టి నిద్రపోయి దెబ్బలు తినేవాడివి. నా రెండు పేజీల్లో నిద్ర ఉంది, దెబ్బలు ఉన్నాయి, దర్జా లేదు. చదివేవాళ్ళకి జాలి కలగాలని దర్జాని నేనే వదిలేశాను. మేడమ్ అడిగాక గానీ నాకది కనపడలేదు.

ఇంకో సంగతి. వయసు గురించి చట్టాలన్నీ ఒకచోట రాసుకుంటే తల తిరిగింది. ఉచిత విద్య హక్కు 6 నుంచి 14 దాకా. 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒప్పందంలో 18 దాకా బాలలే, మన దేశం 1992లో దానికి ఒప్పుకుంది. యువత అంటే 2003 జాతీయ విధానంలో 13 నుంచి 35, 2014 విధానంలో 15 నుంచి 29. మన వీధిలో మాత్రం లెక్క వేరు. నువ్వు పద్దెనిమిదేళ్ళకి గాజువాకలో పనికి కుదిరావు, అందరూ నిన్ను పెద్దవాడివైపోయావంటారు. నీ ఈడు వాణ్ణే, నేను ఇంకా "చదువుకునే కుర్రాడు". ఇక ఆడపిల్లలకైతే పన్నెండు పదమూడేళ్ళకే పెద్దమనిషి అయిందంటాం. ఆ మాటని ఎప్పుడైనా ఆగి ఆలోచించావా? మా చెల్లి అప్పటిదాకా మనతో మహేంద్రతనయ ఒడ్డున ఇసకలో ఆడింది, ఒక్క వారంలో పెద్దమనిషి అయిపోయింది, తర్వాత ఏటికి రాలేదు. చట్టానికి అప్పటికి ఇంకా ఐదేళ్ళు పిల్లే. మొన్న దాన్ని అడిగాను, అప్పుడు నీకేమనిపించిందే అని. చాలాసేపు మాట్లాడలేదు. "కొత్త బట్టలు బాగున్నాయి, మీరు మాత్రం ఒక్కరోజైనా పిలవలేదు" అంది. పదేళ్ళు అయింది బావా, మనం పిలవలేదని దానికి ఇంకా గుర్తుంది. ఏరు మీద నేను మూడు పేజీలు రాసినా ఆ ఒక్క మాట నాకు వచ్చేది కాదు.

మొన్న బుధవారం ఇంకోటి జరిగింది. ఒకింట్లో వాళ్ళమ్మ ఒప్పుకుంది, సంతకం పెట్టింది, పదేళ్ళ పిల్ల మాత్రం "నాను చెప్పను" అంది. వాళ్ళమ్మ "చెప్పవే, అన్నయ్య చదువుకి కావాలంట" అని బతిమాలింది, ఆఖరికి కసిరింది. నేను నోట్‌బుక్ మూసేసి టీ తాగి వచ్చేశాను. పెద్దల సంతకం ఉన్నా పిల్లలు వద్దంటే వద్దే, మాకు మొదటి రోజు నేర్పింది అదే. వచ్చేటప్పుడు ఆ పిల్ల గుమ్మం దాకా వచ్చి నా వైపు నవ్వింది. ఆ నవ్వు చూశాకే నీకు ఉత్తరం రాయాలని గట్టిగా అనుకున్నాను.

అన్నట్టు యంగ్ లైవ్స్ అని ఆక్స్‌ఫర్డ్ వాళ్ళ పరిశోధన ఒకటి ఉంది. 2002లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఏడాది వయసు పిల్లలు 2,000 మందిని, ఎనిమిదేళ్ళ వాళ్ళు 1,000 మందిని తీసుకుని, అదే పిల్లల్ని ఏళ్ళ తరబడి మళ్ళీ మళ్ళీ కలుస్తూ వస్తున్నారు. 2020లో కరోనా వచ్చినప్పుడు ఫోన్లు చేసి మరీ అడిగారు. వాళ్ళు ఎంచుకున్న జిల్లాల్లో శ్రీకాకుళం ఉంది! చిన్నవాళ్ళంతా మన ఈడే. సరిహద్దు దాటితే పాతపట్నం, మనం సైకిల్ మీద సినిమాకి వెళ్ళినంత దూరం, ఆ జిల్లాలో మనలాంటి పిల్లల్ని ఎవరో కూర్చోబెట్టి ఏం తిన్నావు, ఏం పని చేశావు, పెద్దయ్యాక ఏమవుతావు అని ఇన్నేళ్ళుగా అడుగుతూనే ఉన్నారు. నిన్ను అడగడానికి మాత్రం నాకు ఇరవై నాలుగేళ్ళు వచ్చాయి.

ఇప్పుడు నువ్వు చెప్పేది పదేళ్ళ నువ్వు చెప్పే మాట అవదని నాకు తెలుసు, పెద్దయ్యాక గుర్తొచ్చే బాల్యం వేరే. అయినా నాకు అదే కావాలి. నిన్ను లేపింది అత్తా మామయ్యా? చలికాలంలో నీళ్ళు వేడిచేసుకునేవాళ్ళా, చన్నీళ్ళతోనే కడిగేవాడివా? కొట్టుకి మన మాస్టారు టిఫిన్‌కి వస్తే నీకు ఎలా ఉండేది? ఆ పని లేకుండా ఉండుంటే బాగుండేదనిపించిందా, లేక అది నీదే అనిపించేదా? రాయాలనిపించినంతే రాయి. అసలు ఏమీ వద్దు, ఆ రెండు పేజీలు తీసెయ్యి అంటే మారు మాట్లాడకుండా తీసేస్తాను, కారణం కూడా అడగను. పేజీలు ఈ కవర్లోనే పెట్టాను, కొట్టేయాల్సిన చోట పెన్నుతో కొట్టెయ్యి.

నెలాఖరుకి ఇచ్చెయ్యాలి, అందుకని వచ్చే ఆదివారంలోగా పోస్టు చెయ్యి. అత్తకి కొబ్బరి నూనె కాచి రాయమను, మామయ్యకి నేను అడిగానని చెప్పు. పేజీలు మామయ్యకి చూపించాలా వద్దా అన్నది కూడా నీ ఇష్టమే.

నీ
బావ